ముల్లు మీది బరువు

సుధాకరు వస్తానని ఫోను చేసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మా చిన్నాయన కొడుకు వాడు, కడపలో ఉంటాడు. ఏదో పెండ్లిలో ఎదురుపడితే "బాగుండావా అక్కా" అని పలకరించి పక్కకు తప్పుకునే మనిషి. అట్లాంటోడు ఉన్నట్టుండి "అక్కా, కర్నూలుకొస్తా, పెదనాయన రికార్డు మిషను ఒకసారి చూడల్ల" అంటే ఏమనుకోవల్ల? పోస్టాఫీసు కౌంటర్లో కూర్చోని తల నెరిసిన దాన్ని నేను. నవ్వుతా వచ్చి నిలబడిన ప్రతి మొగం వెనకా ఇంకేముందో అని చూడడం నాకు అలవాటై పోయింది. పాత పాటల ప్లేట్లకూ పాత మిషన్లకూ ఇప్పుడు మళ్ళీ గిరాకీ వచ్చిందంట, చదువుకున్న పిల్లోళ్ళు వాటికోసం ఎగబడతాండారంట. వీడు గూడా ఆ పిచ్చిలో పడినాడని మా చెల్లెలు ఎప్పుడో చెప్పింది. రానీలే, చూసి పోతాడు, బీరువా తాళం నా కొంగుకే ఉంటాది గదా అనుకున్నాను.

వచ్చినాడు. మంచినీళ్ళు తాగినాడో లేదో సంచీ విప్పి బల్ల మీద సామాన్లు పరచినాడు. అగ్గిపెట్టె అంత త్రాసు ఒకటి, అంకెలు వెలిగేది. సన్న గీతలు గీసిన అద్దం ముక్క. బొటనవేలంత రసమట్టం. బొచ్చు కుంచె. కొత్త ముల్లు ఒకటి పత్తిలో చుట్టి. "ఏమప్పా, ఆపరేషన్ చేస్తావా ఏంది?" అన్నాను. నవ్వలేదు. "అక్కా, మా నాయనకు ఎనభై దాటినాయి. నందికొట్కూరికి పోతే ఇప్పటికీ ఆయన్ను చిల్లికాణీ ఓబులేసు అంటారు. ముసిలోళ్ళు పోయినారు, వాళ్ళ పిల్లోళ్ళు అంటాండారు. పెదనాయన ప్లేట్లు చెడింది మా నాయన చేతనో కాదో నాకు తెలియల్ల. నిజమైతే నిజమే, నోరు మూసుకోని పోతా. కాకపోతే ఆయన ఉన్నప్పుడే తేలిపోవల్ల" అన్నాడు. మాట బాగానే ఉండాది. మాట బాగుండినప్పుడే నేను ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటాను. "చూడు. నా ముందరే చూడు. ఏదీ విప్పొద్దు" అని తాళం తీసినాను.

బీరువా తలుపు తీస్తానే లక్క వాసన, పాత కొయ్య వాసన, దాంట్లోనే సన్నగా గంధం వాసన కొట్టింది. నేను ఒక్కసారిగా నందికొట్కూరు ఇంట్లో పోయి పడినాను. ముందు గదంతా నాయన మైకుసెట్టు అంగడి, వెనక గదుల్లో మేము. నాయన అంతకుముందు మార్కెట్టులో శెనక్కాయలు తూకం వేసే మనిషి. పొద్దస్తమానం తక్కెడ ముల్లు మీదే కన్ను పెట్టి బతికినోడు. ఒకరు తూకం రాయి మారుస్తారు, ఒకరు గోనెలో మట్టి కలుపుతారు, ఇంకొకరు కాలి బొటనవేలితో పళ్ళేన్ని అదుముతారు. అవన్నీ పట్టుకోని పట్టుకోని ఆయనకు లోకంలో సరిగ్గా నిలబడేది ముల్లు ఒక్కటే అని ఖాయమై పోయింది. మూతపడిన సినిమా హాలు ఒకదాంట్లోంచి ఆ రికార్డు మిషను తెచ్చుకున్న రోజు, ప్లేటు మీద వాలే దాని చెయ్యి కింద గూడా ముల్లే ఉండాదని చూసి ఆయన పడిన సంతోషం ఇంతా అంతా కాదు. "ఇది గూడా తక్కెడే లేవే" అన్నాడు అమ్మతో. నిజంగానే ఆ చేతికి ముందర ముల్లు, వెనక గుండు. ఆ గుండును ముందుకు జరిపితే ముల్లు మీద బరువు పెరుగుతాది, వెనక్కి జరిపితే తగ్గుతాది. బరువు తగ్గితే ముల్లు ఎగురుతాది, ఎక్కువైతే ప్లేటును దున్నుతాది.

మిషను బిగించడం మా ఇంట్లో ఒక వ్రతం మాదిరి జరిగింది. ముందు బల్ల నాలుగు కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టి రసమట్టం చూసుకున్నాడు. తర్వాత తిరిగే పళ్ళెం అంచుకు సుద్దముక్క ఆనీ ఆనకుండా పట్టుకోని, మెల్లిగా తిప్పినాడు. పళ్ళెం ఒకపక్కకు వెంట్రుకంత ఒరిగినా సుద్ద అక్కడే అంటుకుంటాది. చుట్టూ ఒకే తీరుగా తెల్లగీత పడేదాకా ఇరుసు కింద రేకుముక్కలు మారుస్తానే ఉన్నాడు. ఆఖరుకు వీధి చివర ఆచారి దగ్గర బంగారం తూచే తక్కెడ అడిగి తెచ్చినాడు. ఒక పళ్ళెంలో మిషను చేతిని ఆనించి, రెండో దాంట్లో ఒక్కో గురిగింజా వేస్తా, గుండు జరుపుతా, ముల్లు నడిమధ్యన నిలబడినాక గట్టిగా ఊపిరి వదిలినాడు. ఆ గురిగింజల్ని గుడ్డలో మూట కట్టి బీరువాలో తగిలించినాడు. ఇంక ఎవడూ ముట్టకుండా గుండు చుట్టూ లక్క కరిగించి పోసి, తన ఉంగరం అదిమినాడు. ఎవడూ అంటే ఎవడు? ఆ ఇంట్లో మిషను ముట్టేది ఆయన కాకుండా ఒక్కడే, మా చిన్నాయన ఓబులేసు. ఆ లక్క వేసింది ఎవరి కోసమో అందరికీ తెలుసు. చిన్నాయన చూసి, నవ్వి, వైర్లు చుట్టుకోను పోయినాడు.

చిన్నాయన నవ్వే మనిషి. పెండ్లికి పోయి పందిట్లో కూర్చోని ప్లేటు మీద ముల్లు దించేది ఆయనే. నాయన చెయ్యి మోటు, చూపుడువేలు మీద మిషను చేతిని అట్ల లేపి, ఇట్ల ఆనించే ఒడుపు చిన్నాయనకే ఉండె. ఇంటికొస్తానే "వదినె, ఉగ్గాని ఉండాదా?" అని కేకేస్తా వచ్చేవాడు. బొరుగులు నానబెట్టి పిండి, పుట్నాల పొడి చల్లి, పచ్చిమిరపకాయలు దంచి వేసి అమ్మ చేసే ఉగ్గాని ఆయనకు ప్రాణం. దానికీ నాయనకు అనుమానమే. "వాని పళ్ళెంలో మిరపకాయ ఎక్కువేసినావే, నా దాంట్లో లేదే" అనేవాడు. నీకు కడుపులో మంట గదయ్యా అంటాది అమ్మ. ఏ మంటో అంటాడు ఆయన. పాలోడు నీళ్ళు కలిపినాడని, చాకలాయన చొక్కా తొడుక్కోని తిరిగినాడని, నేను పెన్సిలు ముక్కలు దాస్తానని, ఆయన ఒక్కరోజూ నిమ్మళంగా నిద్రపోయి ఎరగడు. శుక్రవారం వస్తే అమ్మ తలకు పోసుకోని, ఇంట్లో గడపలకూ రోలుకూ తక్కెడకూ పసుపు, గంధం, కుంకుమ పెట్టి, ఆఖర్న అంగట్లోకొచ్చి మిషనుకు పెట్టేది. అన్నం పెట్టే చెయ్యి అదే గదా అని దాని చేతికే పెట్టేది, సరిగ్గా ముల్లుకు పైన. దసరాకు పసుపు దారం కట్టేది. బొట్టు మీద బొట్టే గానీ తుడిచే పని లేదు. బొట్టు తుడవడమనే మాట మా ఇంట్లో నోట్లోంచి రాకూడదు.

అట్ల కొన్నేండ్లు బాగా గడిచినాక ప్లేట్లు బుస కొట్టడం మొదలైంది. ఏ ప్లేటును ఎక్కువ వేస్తారో అదే ముందు పాడవుతాండె. నాయన వెలుతురుకు పట్టి చూసి, గీతల్లో బూడిదరంగు తేలింది చూసి, లక్క ముద్ర చూసుకున్నాడు. ముద్ర చెక్కు చెదరలేదు. అప్పుడు ఆయన చూపు చిన్నాయన మీదికి మళ్ళింది. మనం పడుకున్నాక వీడు మిషను బయటికి తీసి ఎవరికో వేస్తాండాడు అన్నాడు ఒకరోజు. కాదు, పందిట్లో పిల్లోళ్ళు ఎగిరితే ముల్లు జారకుండా చేతి మీద కాణీ పెడతాండాడు అన్నాడు ఇంకొకరోజు. ఆ కాలంలో కాణీ పెట్టడం అందరూ చేసే పనే. నాయన దగ్గర మాత్రం అది కాలి బొటనవేలితో తక్కెడను అదిమినంత పాపం. చిన్నాయన ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు పెట్టుకున్నోన్ని నాయన మార్కెట్టులో ఎన్నడూ నమ్మిందిలేదు.

ఇంతలో ఊరి పక్కన పల్లెలో ఒక పెద్ద రైతు కూతురు పెండ్లి వచ్చింది. పెండ్లికొడుకు వాళ్ళు కోసిగి తట్టు వాళ్ళు. నాలుగు చెట్లకు నాలుగు హారన్లు కట్టినారు. మేమంతా పోయినాము. పెండ్లికొడుకు పీటల మీదికి పోతాండంగా చిన్నాయన ఆడోళ్ళకు బాగా ఇష్టమైన పాట ఒకటి వేసినాడు. అతను రాకుండా ఉండలేడు అని దాంట్లో ఒక మాట వస్తాది. ముల్లు ఆ మాట కాడ గాడిలో పడింది. "లేడు… లేడు… లేడు…" అని నాలుగు దిక్కులా హారన్లు అరుస్తాండాయి. వరుడు పీట మీద కాలు పెట్టబోయి అట్లే నిలబడిపోయినాడు. పెండ్లికొడుకు అవ్వ ఒకామె గుండెలు బాదుకుంది. "ఇదేం శకునమప్పా! బతికున్నోన్ని పట్టుకోని లేడంటాండారే!" అని వాళ్ళ పెద్దమనిషి నాయన గల్లా పట్టుకున్నాడు. చిన్నాయన వెంటనే ముల్లు లేపినాడు గానీ, జరగాల్సింది జరిగిపాయ. సగం మంది నవ్వినారు, సగం మంది ఏడ్చినారు. ఆ తర్వాత చుట్టుపక్కల పల్లెల్లో ఎవరూ మమ్మల్ని పెండ్లికి పిలిచింది లేదు.

ఇంటికొచ్చినాక నాయన చిన్నాయన చొక్కా జేబులో చెయ్యి పెట్టినాడు. చిల్లికాణీ ఒకటి దొరికింది. ఆంప్లిఫయరు మర సీలలు తిప్పుకోను పెట్టుకున్నా అన్నా అని చిన్నాయన ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. "దొరికినావు రా. ఇంక నా గడప తొక్కొద్దు" అన్నాడు. వంటింటి వాకిట్లో అమ్మ నిలబడుండె. చిన్నాయన అమ్మ దిక్కు ఒకసారి చూసినాడు, ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. ఆ చూపు నేను చూసినాను, అర్థం కాలేదు. గడప తొక్కొద్దంటే కడపకు పోయినాడు అని ఊళ్ళో కొన్నాళ్ళు నవ్వుకున్నారు. నాయన మిషనునూ ప్లేట్లనూ బీరువాలో పెట్టి తాళం వేసి, హారన్లు అమ్మేసి, మళ్ళీ మార్కెట్టులో తూకానికి పోయినాడు. మళ్ళీ వాటిని బయటికి తీయలేదు. అమ్మ ఉగ్గాని చేయడం మానేసింది. బొరుగులు దొరకలేదు అనేది. నందికొట్కూరులో బొరుగులు దొరక్కపోవడమేందో! నాయన పోయినప్పుడు చిన్నాయన వచ్చినాడు. ఎదురింటి అరుగు మీద కూర్చోని, శవం లేచినాక వెనకాలే నడిచి, అట్నుంచి అట్లే కడప బస్సెక్కినాడు. అమ్మ పోయినప్పుడు గూడా అంతే. బీరువాతో సహా మిషను కర్నూలులో నా ఇంటికి చేరినాక, ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. మిషను ఉన్న గడప ఏదైనా ఆయనకు అన్న గడపే.

ఇప్పుడు సుధాకరు ఆ మిషనును బల్ల మీద పెట్టుకోని కూర్చున్నాడు. నేను ఎదురుగా కుర్చీ వేసుకోని, వాని వేళ్ళనే చూస్తాండాను. రసమట్టం పెట్టినాడు. పళ్ళేన్ని తిప్పి చూసి "పెదనాయన శానా బాగా బిగించినాడక్కా, వెంట్రుకంత గూడా ఊగడంలే" అన్నాడు. పొగుడుతాండాడంటే ఏదో అడుగుతాడని అనుకున్నాను. లక్క ముద్ర మీద వేలు పెట్టబోతే "ముట్టొద్దు" అన్నాను. "ముట్టనక్కా" అని, తన చిన్న త్రాసు మీద ముల్లు దించినాడు. అయిదు గ్రాముల పైన చూపించింది. "ఇంత బరువుకు ఏ ప్లేటూ ఆగదు. మన పొలంలో నాగలి తోలినట్టే" అన్నాడు.

"అంటే మా నాయనే తప్పు తూచినాడంటావా? నీ త్రాసు ఎవరు చూడొచ్చినారు? కడప నుంచి నీ ఇష్టమొచ్చిన అంకె తెచ్చుకుంటావు" అన్నాను. నాకు కోపమొచ్చింది. తండ్రిని విడిపించుకోను కొడుకు తెచ్చిన సాక్ష్యాన్ని ఎవరు నమ్ముతారు? అప్పుడు నేనే లేచి, బీరువా లోపల మేకుకు తగిలించిన గురిగింజల మూట విప్పి తెచ్చినాను. "ఇది మా నాయన తూకం. దీన్ని పెట్టు" అన్నాను. పెట్టినాడు. రెండున్నర. మళ్ళీ ముల్లు పెట్టినాడు. అయిదు. నేను రెండు మూడు తూర్లు పెట్టించినాను. గింజలు మావి, లక్క చెదరలేదు, గుండు జరగలేదు. మరి ముల్లు మీద ఆ ఎక్కువ బరువు యాన్నుంచి వచ్చింది? కాణీ అంటే, తూచేటప్పుడు దాని మీద కాణీ లేదే!

సుధాకరు చేతిని వెలుతురుకు తిప్పి చూసినాడు. ముల్లుకు పైన, పచ్చగా ఎర్రగా గట్టిపడి, ఎండిన రొట్టెముక్క మాదిరి మందంగా ఉండాది. "ఇదేందక్కా?" అన్నాడు. "బొట్టురా" అన్నాను. గీకచ్చునా అని అడిగినాడు. వంటింట్లోంచి స్టీలు డబ్బా మూత తెచ్చి వాని ముందర పెట్టి, సరే అన్నాను. కుంచెతో, చెక్కపుల్లతో మెల్లిగా పొరలు పొరలుగా ఊడదీసి, ఆ మూతలో పెట్టినాడు. గంధం, పసుపు, కుంకుమ, మళ్ళీ గంధం, నడిమధ్యలో దసరా దారాలు ముద్దకట్టి. అన్నీ తీసినాక ముల్లును త్రాసు మీద దించినాడు. రెండున్నర. ముద్ర మీద ముద్ర వేసి, ఇంటిల్లిపాదినీ అనుమానించి కాపలా కాసిన బరువు, ఆయన కండ్ల ముందరే, శుక్రవారం శుక్రవారం పెరిగింది. దానికి ఆయనే దండం పెట్టుకోని అంగడి తెరిచేవాడు.

కొత్త ముల్లు వేసి, మళ్ళీ తూచి, అద్దం మీది గీతలకు సరిగ్గా నిలబడేట్టు తిప్పి, బిగుసుకుపోయిన రబ్బరు చక్రం మార్చి, సంచీలోంచి చిన్న స్పీకరు తీసి తగిలించి, ఆ పెండ్లినాటి ప్లేటు తుడిచి వేసినాడు. బుస్సుమంటానే పాట వచ్చింది. ఆ మాట వచ్చింది. టక్కుమంది. దాటింది. అతను రాకుండా ఉండలేడు అని, ఆ తర్వాత ఏముండాదో నేను మరిచేపోయిన చరణంలోకి పోయింది. సుధాకరు రెండు చేతులతో మొగం కప్పుకున్నాడు. "మీ నాయనకు ఫోను చెయ్యి. నేను మాట్లాడతా" అన్నాను.

"ఎవురు, పాపనా?" అన్నాడు చిన్నాయన. వాళ్ళ అమ్మ పేరే నాకు పెట్టినారు గాబట్టి ఆయన నన్ను ఎన్నడూ పేరుతో పిలవడు. "ప్లేటు దాటింది చిన్నాయనా. నువ్వు కాణీ పెట్టలేదు. అది అమ్మ పెట్టిన బొట్టు బరువు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పినాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. "ఊఁ" అన్నాడు, అంతే. నా అనుమానం నాకు మళ్ళీ లేచింది. "నీకు తెలుసునా?" అన్నాను.

"దినామూ ఆ చేతిని లేపి దించిన వేలు గదా పాపా ఇది, తెల్దా? ఒకతూరి గోటితో గీకబోయినా. తప్పు ఓబులేసూ అనింది వదినె. ఇంక ఊరకుండిపోయినా."

"మరి ఆ పొద్దు చెప్పొచ్చు గదా! చెప్పింటే అయిపోయేది గదా!" నేను గట్టిగా అరిచినాను. ఇన్నేండ్లకు ఆయన మీద అరవడం అదే మొదలు.

"చెప్పింటే మీ నాయన ఏమనేటోడు? అయ్యో బొట్టా అనేటోడా? తమ్మునీ పెండ్లామూ కలిసి నా నోట్లో మన్ను కొట్టినారు అనేటోడు. ఆయప్ప మనసు నీకు తెల్దా? నాకైనా పోను కడప ఉండె. వదినెకు అమ్మగారిల్లు గూడా లేకపాయ. ఆయమ్మ యాడికి పోతాది పాపా?" అని, కొంచెం దగ్గి, "వాడు దాన్ని గీకి ఏం చేసినాడు?" అని అడిగినాడు.

"మూతలో ఉండాది."

"పారేయొద్దు. వదినె చేతిది అది. ఆదివారం నేనొచ్చి చూస్తా" అన్నాడు. "ఇంట్లోకే వస్తా."

ఫోను పెట్టేసినాక సుధాకరు మిషనును తిరిగి బీరువాలో పెట్టబోతే వద్దన్నాను, బల్ల మీదే ఉండనీ అన్నాను. కావాలంటే కడపకు తీసుకపో అని గూడా నా నోటితోనే అన్నాను. తీసుకపోను అన్నాడు వాడు, దానికోసం రాలేదక్కా అన్నాడు. నమ్మినాను. నాయన ఉండింటే, ఇన్నేండ్లకు వీళ్ళు ఏంటికి వస్తాండారో అని ఆ వారమంతా నిద్రపోకుండా అటూ ఇటూ దొర్లేవాడు. నాలోనూ ఆయన నెత్తురే గదా, నాకు గూడా ఆ ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. దాన్ని పక్కకు నెట్టి, వంటింట్లోకి పోయి, బొరుగులు ఉండాయో లేవో అని డబ్బా మూత తీసి చూసినాను.